రెండో అల రాకముందు

"మనసు చలించకూడదని మీరే చెబుతారు. మరి నిన్న నేల అదరగానే అందరికంటే ముందు పరుగెత్తింది మీరే కదా!" అన్నాడు వామనమూర్తి. అడిగింది శిష్యుడే గాని, గొంతు మాత్రం తీర్పు చెప్పేవాడిది. భుజానికి కట్టుతో పడుకున్న పూర్ణబోధస్వామి కోప్పడలేదు. "నిన్న జరిగింది వరసగా చెప్పు, వింటాను" అన్నారు.

జరిగింది ఇది. ఆ ఆశ్రమంలో పొద్దున మౌనవేళ ధ్యానశాల తలుపుకు లోపల గడియ వేస్తారు. గంట మోగేదాకా ఎవరూ పెదవి విప్పరు. నిన్న ఆ వేళ నేలను కిందినుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపు. చెంబులో నీళ్లు తుళ్లాయి, అంతే. స్వామి సన్యాసానికి ముందు భూకంపాలు నమోదు చేసే కేంద్రంలో పనిచేసినవారు. రాతిని ముందుకీ వెనక్కీ నెట్టుకుంటూ మొదటి అల వడిగా వస్తుందనీ, నేలను అడ్డంగా ఊపే రెండోది వెనకబడి వస్తుందనీ, గోడలు కూల్చేది ఆ వెనకదేననీ ఆయనకు తెలుసు. అందుకే పరుగెత్తి గడియ లాగారు. "బయటికి రండి! అసలుది ఇంకా రాలేదు!" అని అరిచారు.

అందరూ లేచారు. వామనమూర్తి మాత్రం కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. చలించనివాణ్ని నేనొక్కణ్నే అనుకుని లోలోపల మురిశాడు కూడా. అంతలో నేల పక్కలకు ఊగింది. దూలం విరిగింది, పెంకులు రాలాయి. అప్పుడు ఆ స్థిరచిత్తుడు ఒక్క ఉదుటున బయట పడ్డాడు. స్వామి లోపలికి దూరి, దూలం కింద చిక్కిన కోటిలింగంగారిని ఈడ్చుకొచ్చారు. చూపులేని ఆ ముసలాయన ఆశ్రమానికి వచ్చింది మొన్ననే. ఇప్పుడు పట్నం ఆసుపత్రిలో ఉన్నారు, ఇంకా స్పృహ రాలేదు.

వామనమూర్తి చెప్పడం ముగించాడు. స్వామి తల అతనివైపు తిప్పారు.

"ఆయన నాకు తలుపుకు ఎదురు గోడ దగ్గర దొరికారు, దూలం కింద కూడా చేతులతో గోడ తడుముకుంటూ. నీ పక్కనే కూర్చున్నారు కదా. నిన్నేమైనా అడిగారా?"

వామనమూర్తి ముఖం పాలిపోయింది. అబద్ధం చెబితే పట్టుకునేవారు లేరు. అయినా చెప్పలేకపోయాడు.

"అడిగారు. 'బాబూ, తలుపు ఎటు?' అన్నారు. అప్పటికింకా ఊపు మొదలవలేదు. నేను మౌనంలో ఉన్నాను స్వామీ."

స్వామి కళ్లు మూసుకున్నారు.

"భూమైనా ముందొక మాట చెప్పింది, నాయనా."