కళ్లకద్దుకునేదాకా

హల్వార్ మంచు మీదున్నంతసేపూ ప్రశ్నలకు జవాబు చెప్పడు. ఎవరేం అడిగినా "పదండి" అని ముందుకు జారిపోవడమే ఆయన అలవాటు. నార్వేలో చదువుకోవడానికి దేశదేశాల నుంచి వచ్చిన పిల్లలకు అడవి దారుల్లో స్కీయింగ్ నేర్పే ఈ పెద్దాయనను తణుకు అమ్మాయి యామిని మొదటిరోజే "గురువుగారూ" అని పిలిచింది. ఆ పిలుపు నోటికి బాగుందో ఏమో, ఘనా నుంచి వచ్చిన కొజో, కొరియా అమ్మాయి సోయన్ కూడా దాన్నే పట్టుకున్నారు. ఆయనకూ ముచ్చటగానే ఉన్నట్టుంది, కాదనలేదు.

యామిని మాత్రం రోజూ పడుతూనే ఉండేది. పుట్టి పెరిగిన ఊళ్లో ఎత్తంటే కాలవగట్టే. ఇక్కడ ఆ పొడుగాటి స్కీలు తగిలించుకుని కాలు కదిపితే చాలు, మనిషి కొయ్యబారిపోయేది. గురువుగారు మోకాళ్లు వంచమన్నకొద్దీ అవి ఇంకా బిగుసుకునేవి. శనివారం అందరూ కొండకవతల ఉన్న గుడిసెకు వెళ్లి, పొయ్యి చుట్టూ చేరి అట్లు వేసుకు తినాలనుకున్నారు. దారిలో ఒక పెద్ద వాలుంది. అది దిగలేనివాళ్లు బస్సెక్కి వెనక్కి పోవలసిందే. ఆ బస్సును తలుచుకుంటేనే యామినికి ఏడుపొచ్చేది. ఈ చలిదేశంలో ఆమెకు దొరికిన నేస్తాలు వీళ్లే మరి.

శనివారం రానే వచ్చింది. వాలు అంచున నిలబడి, తన స్కీల కొసలకేసి చూసుకుంటూ యామిని రోజూ అడిగే ప్రశ్నే మళ్లీ అడిగింది.

"గురువుగారూ, పడకుండా నిలబడడం ఎలాగండీ?"

"పదండి," అని ఆయన దిగిపోయి, అడుగున నిలబడ్డాడు.

ఆయన తరవాత కొజో బయల్దేరాడు. యామిని దేవుడి మీద భారం వేసి అతని వెనకే అదే గాడిలో జారింది. ఇంకా సగమైనా దిగలేదు, ఆమె స్కీ కొస వెళ్లి కొజో స్కీకి తగిలింది. ఎదుటివాళ్లకు కాలు తగిలితే వాళ్లను తాకి కళ్లకద్దుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. అద్దుకునేదాకా మనసు కుదుటపడదు. కాలికి స్కీ కట్టుకున్నంత మాత్రాన అది కాలు కాకుండా పోతుందా? "అయ్యయ్యో!" అంటూ యామిని వంగి చెయ్యి చాచింది. కొజో అందలేదు.

"కొజో, ఆగు! నీకు నా కాలు తగిలింది! ఒక్కసారి ఆగు!"

"ఆగడం నాకింకా రాదు!" అని అతను ముందు నుంచి అరిచాడు.

ఇంకేముంది, తరుముకోవడమే. మోకాళ్లు వంచి, చాచిన చేతికి స్కీ కర్ర వేలాడుతుండగా, అతని వీపు మీంచి చూపు తిప్పకుండా యామిని వాలంతా జారుకుంటూ వచ్చింది. అడుగున నేల చదునయ్యాక కొజో నెమ్మదించాడు. ఆమె అతని భుజం తాకి కళ్లకద్దుకుని, అమ్మయ్య అనుకుంది. తీరా తలెత్తి చూస్తే, వాలంతా వెనకే ఉంది.

పైనుంచి సోయన్ ఒకటే కేకలు, ఈలలు. సంగతి తెలిశాక కొజో కూడా యామిని భుజం తాకి తన కళ్లకద్దుకున్నాడు, బాకీ ఎందుకన్నట్టు. యామిని సంతోషం చూసి తీరవలసిందే. గంతెయ్యబోయి, గురువుగారి ముందే చదును నేల మీద చతికిలబడింది. పడినందుకు ఏ మాత్రం సిగ్గుపడకుండా అక్కడి నుంచే నవ్వుతూ నిలదీసింది.

"గురువుగారూ, ఇన్నాళ్లుగా అడుగుతున్నాను. పడకుండా నిలబడడం ఎలాగో మీరు చెప్పనే లేదు!"

ఆయన చెయ్యి అందించి లేపాడు. గుడిసె దారి పట్టబోతూ, మంచు మీద మొదటిసారిగా జవాబు చెప్పాడు.

"నువ్వు అడిగినప్పుడల్లా నీ కాళ్లకేసే చూస్తున్నావమ్మా."