ఎలుగుబంటి అడిగిన కూలి

నార్వే దేశపు కొండవాలులో ఒక నక్కకు బార్లీ చేనూ, రొట్టెలు కాల్చే పెద్ద పెనమూ ఉండేవి. ఒళ్ళొంచే అలవాటు మాత్రం లేదు. అందుకని ఎలుగుబంటిని పనికి పెట్టుకుంది. పిండి కలిపి వండిపెట్టేది పొరుగునున్న ముసలి మేక.

ఆ ఇంట ఏ కాలానికి ఆ వంట. వసంతంలో దాల్చినచెక్క బన్నులు, వేసవిలో అడవిపళ్ళతో వాఫుల్స్ అనే గళ్ళ అట్లు, ఆకురాలే కాలంలో అప్పడమంత పల్చటి ఎండు రొట్టెలు. క్రిస్మస్‌కి మాత్రం వెన్న, పంచదార, మనం పాయసంలో వేసుకునే ఏలకులే వేసి, ఏడు రకాల బిస్కట్లు చెయ్యాలి. ఆరు చేస్తే పరువు తక్కువ!

కిందటేడు కూలి మాట వస్తే నక్క, "నీకు తక్కువ చేస్తానా బావా! క్రిస్మస్ ఏడు రకాల్లో సగం నీదే" అంది. ఎలుగు లొట్టలేసుకుంటూ గొడ్డుచాకిరీ చేసింది. మంచు పడగానే గుహలోకి వెళ్ళి పడుకుంది. చలికాలమంతా నిద్రపోవడం దాని జాతి లక్షణం మరి. వసంతంలో లేచి వచ్చేసరికి డబ్బాలు ఖాళీ.

"పిలిచాను బావా, నువ్వు లేవలేదు. పండగ ఆగుతుందా?" అంది నక్క.

అడవిలో చిగురైనా రాని రోజులవి. ఎలుగు పదిహేను రోజులు రాళ్ళ మీది నాచు గీక్కుని బతికింది. మోసం సంగతి మరిచిపోయినా ఆ ఆకలి మరిచిపోలేదు.

దుక్కుల వేళకు నక్క మళ్ళీ కబురు పెట్టింది. ఎలుగు ముందు మేక దగ్గరకు వెళ్ళింది.

"పెద్దమ్మా, ఇంకో ఏడు ఖాళీ కడుపుతో లేస్తే చస్తాను. ఏం అడగమంటావు?"

"ఆ నక్క ఏరు దాటాక తెప్ప తగలేసే రకం నాయనా. నువ్వు లేచేదాకా నిలవుండేదే అడుగు. వెన్న బిస్కట్టు ముక్కిపోతుంది. నా ఎండు రొట్టె ఏడాదైనా చెక్కుచెదరదు."

ఎలుగు నేరుగా నక్క దగ్గరకు పోయి, "ఏడు రకాలూ నువ్వే తిను బావా. ఎండు రొట్టెలన్నీ నాకియ్యి. పెద్దమ్మ కొట్లో దాచుకుంటాను" అంది.

నక్కకు నవ్వాగలేదు. "ఉప్పూ కారం లేని ఆ అట్టముక్కలా? అన్నీ తీసుకో బావా! పెద్దమ్మే సాక్షి." కడుపు నిండిన బేరం అలాగే ఉంటుంది.

ఆకురాలే కాలంలో మేక ఎనిమిది రోజులు పెనం దించలేదు. ఎలుగు కట్టెలు కొట్టి, పిండి విసిరి, రొట్టెలను దొంతర్లుగా పేర్చింది. మేక కొట్టు రాతి స్తంభాల మీద నిలిపి కట్టినది, ఎలుకైనా ఎక్కలేదు. తాళంచెవి మేక మెడలో వేసి, ఎలుగు పడుకోవడానికి వెళ్ళిపోయింది.

లేచేసరికి పొట్ట వీపుకంటుకుపోయింది. మంచు ఇంకా కరగలేదు. భయంభయంగా కొట్టు తలుపు తీయించింది. దొంతర్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఎలుగుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నీళ్ళు చల్లి మెత్తబరచుకుని, మీగడ రాసుకుని, పది రొట్టెలు తిన్నాక గాని తలెత్తలేదు.

తలెత్తితే మెట్ల కింద నక్క. తోలూ ఎముకలే మిగిలాయి.

"ఏడు రకాలూ కొత్త సంవత్సరం లోపే అయిపోయాయి బావా. చేలో పండిన బార్లీ అంతా నీ రొట్టెలకే పోయింది. ఈ మంచులో కుందేలైనా దొరకలేదు. ఎంత బతిమాలినా పెద్దమ్మ తాళం తియ్యనంది."

"నాది కాని సొత్తుకు నేనెలా తీస్తాను?" అంది మేక.

"ఒక్క రొట్టె బావా!"

ఎలుగు మూతి తుడుచుకుని గోడకున్న గొడ్డలి చూపించింది. "పెద్దమ్మ పొయ్యిలోకి కట్టెలు లేవు. కొట్టుకురా బావా. మోపుకో రొట్టె."

బుద్ధెరిగాక నక్క గొడ్డలి పట్టడం అదే మొదలు.

కూలి అడిగేవాడు యజమాని పండగ చూసి కాదు, తన ఆకలి చూసుకుని అడగాలి.