ఓటికుండలో కలివి పొద

కలివికోన అనే అడవిలో జింకలు, కుందేళ్లు, ఏదుపందులు, గోరువంకలు కలిసిమెలిసి బతికేవి. బొంతమ్మ అనే ముసలి ఎలుగుబంటి, నీలప్ప అనే నెమలి, చారమ్మ అనే ఉడుత కూడా అక్కడే ఉండేవి. ఆ అడవికి ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడి కొండవాలు నిండా కలివి పొదలే. పచ్చికాయ గిల్లితే పాలు కారేవి. పండితే నల్లగా నిగనిగలాడేవి. నాలుగు తింటే నాలుక ఊదారంగుకు తిరిగేది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. మృగశిర కార్తెలో తొలకరి పడగానే జంతువులన్నీ కొండవాలు దగ్గర చేరేవి. అందరిలోకీ పెద్దదైన బొంతమ్మ మొదటి పండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. కాసేపాగి, "తీయనే! తినండి!" అనేది. దాన్ని తొలిపండు అనేవారు. బొంతమ్మ ఆ మాట అనేదాకా ఎవరూ పండు ముట్టుకోకూడదు. గోరువంకలకైతే ఆ కాస్తసేపూ ప్రాణం మీదికి వచ్చేది.

చారమ్మకు ఆ రోజులంటే ప్రాణం. దాని తల్లిని డేగ ఎత్తుకుపోతే, కళ్లు తెరవని ఆ పసికూనను బొంతమ్మే సాకింది. బొంతమ్మ మెడ మీది జూలు పట్టుకుని, ఊగుతూ ఊగుతూ కొండెక్కడం చారమ్మకు ఇంకా గుర్తే. ఎండకు కాగిన ఆ బొచ్చు వాసన కూడా గుర్తే.

ఒక ఎండాకాలం కార్చిచ్చు రేగి కొండవాలంతా కాలిపోయింది. వెనకే కురిసిన పెద్దవానకు ఉన్న మట్టి కాస్తా కొట్టుకుపోయింది. నల్లటి బండ మాత్రం మిగిలింది. జంతువులన్నీ దిగువన వాగు ఒడ్డుకు చేరాయి. అక్కడ నీళ్లున్నాయి గానీ, అదీ బండల చోటే. మొక్క నాటేంత మట్టి ఒక్కచోటా లేదు.

మూడు మృగశిర కార్తెలు తొలిపండు లేకుండానే గడిచిపోయాయి. బొంతమ్మ పళ్లు ఊడిపోయాయి. తిండి తగ్గింది. చండ్రచెట్టు కింద పడుకుని కొండవైపు చూస్తూ ఉండేది.

"ఏం తింటావు అవ్వా?" అని చారమ్మ అడిగేది.

"ఏమీ వద్దు తల్లీ. పోయేలోపు ఒక్క కలివి పండు నోట పడితే చాలు," అనేది బొంతమ్మ.

ఆ మాట చారమ్మ మరవలేదు. వానలు వెనకపట్టాక ఒకరోజు అది కాలిన కొండంతా గాలించింది. చివరకు ఒక బండ సందులో జానెడు మొక్కలు రెండు కనిపించాయి. ఆకు గిల్లి చూసింది. పాలు కారాయి. కలివే! వేళ్లు తెగకుండా రెండింటినీ పెకలించి, తడి నాచు చుట్టి, నోట కరుచుకుని కిందికి పరుగెత్తింది.

నీలప్ప అడ్డం వచ్చాడు. "ఇంత అందగాడికి ఒక మొక్కయినా ఉండొద్దా? నాకొకటి ఇవ్వు," అన్నాడు.

చారమ్మకు ఇవ్వాలని లేదు. బొంతమ్మే, "ఇవ్వు తల్లీ. ఎవరి చేతిలో బతికినా కలివే కదా," అంది.

మొక్కలున్నాయి సరే, నాటేదెక్కడ? వాగు ఒడ్డున జాతరకు వచ్చిన మనుషులు వండుకుతిని వదిలేసిన కుండలు పడి ఉన్నాయి. నీలప్ప వాటిలోంచి పెద్ద బాన ఎంచుకున్నాడు. పగులు లేదు, చిల్లు లేదు. మెడ చుట్టూ గీతల ముగ్గు కూడా ఉంది.

చారమ్మ కూడా మంచి కుండ కోసమే వెతుకుతుంటే, బొంతమ్మ మూతితో ఒక పాత కుండను దాని వైపు దొర్లించింది. అంచు విరిగి, అడుగున చిల్లు పడిన ఓటికుండ అది.

"ఇదా అవ్వా!" అని చారమ్మ ముఖం ముడుచుకుంది.

"ఇదే. నీళ్లు నిలిస్తే కలివి వేరు కుళ్లుతుంది. కొండవాలులో ఎప్పుడైనా నీళ్లు నిలవడం చూశావా?" అంది బొంతమ్మ.

చిల్లు మీద పెంకు ముక్క ఒకటి వేశారు. బొంతమ్మ పుట్టమన్ను తవ్విపెట్టింది. చారమ్మ వాగులోని ఇసుక, కుళ్లిన ఆకు, జింక పెంటికలు మోసుకొచ్చి కలిపింది. మొక్క నాటాక బొంతమ్మ వాగులో మునిగొచ్చి, కుండ పక్కన ఒళ్లు దులిపింది. కుండకు నీళ్లు చాలాయి. చారమ్మ కూడా తడిసి ముద్దయింది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ పడీపడీ నవ్వారు.

మొక్క జానన్నర పెరగగానే బొంతమ్మ, "చిగుళ్లు కొరికెయ్," అంది.

"ఇప్పుడిప్పుడే పెరుగుతుంటేనా?"

"కొండ మీద జింకలు ఎప్పుడూ చిగుళ్లు మేసేవి. అందుకే పొదలు గుబురుగా ఉండేవి. ఈ కుండ దగ్గరకు నువ్వు జింకలను రానివ్వవు కదా! నువ్వే కొరకాలి."

చారమ్మ కొరికింది. కొరికినచోటల్లా రెండేసి కొమ్మలు వచ్చాయి. నీలప్ప మాత్రం తన మొక్క మీద ఈగను కూడా వాలనివ్వలేదు. అది వాడి తోకలాగే సన్నగా, పొడుగ్గా సాగింది. "చూడండి, నాది ఎంత ఎత్తో!" అని వచ్చేపోయేవాళ్లనందరినీ పిలిచి చూపేవాడు.

ఎండాకాలంలో రెండు మొక్కలూ పూశాయి. తెల్లటి పూలు, మల్లెల వాసన. చారమ్మ ఆనందానికి అవధుల్లేవు. "అవ్వా! ఈ ఏడు నీకు తొలిపండు!" అంటూ గెంతింది.

బొంతమ్మ ఆ పూలను చాలాసేపు వాసన చూసింది. తర్వాత మెల్లగా, "తుంచెయ్ తల్లీ," అంది.

చారమ్మ పూలకు అడ్డంగా నిలబడింది.

"పసిదానిచేత బరువు మోయిస్తామా? ఈ ఏడు పూలు తుంచేస్తే బలమంతా వేళ్లకు పోతుంది. పై ఏడు విరగకాస్తుంది."

"పై ఏటికి నువ్వు..." చారమ్మ మాట పూర్తి చేయలేకపోయింది.

"ఉంటానో లేదో నాకూ తెలీదు. పొద మాత్రం ఉండాలి. కలివి రుచి తెలియని పిల్లలు ఈ వాగు ఒడ్డున ఎంతమంది పుట్టారో చూడు."

చారమ్మ ఏడుస్తూ ఒక్కో పువ్వే తుంచింది. నీలప్ప విరగబడి నవ్వాడు.

మృగశిర కార్తె వచ్చింది. నీలప్ప చెట్టుకు అయిదు పండ్లు పండాయి. జంతువులన్నీ పరుగున వచ్చాయి. పెద్దవాళ్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లయింది మరి! అందరూ దారి ఇచ్చి బొంతమ్మ వైపు చూశారు.

"ఎందుకలా చూస్తారు? నా చెట్టు, నా పండ్లు," అని నీలప్ప అయిదూ తానే మింగేశాడు. బొంతమ్మ తల తిప్పుకుని చండ్రచెట్టు కిందికి నడిచింది. ఆ రోజు ఆమె వెనక నడుస్తూ, పువ్వులు కొరికి తుంచిన తన పళ్లను తానే తిట్టుకుంది చారమ్మ.

ఆ వానాకాలం ముసురు పట్టింది. పది రోజులు తెరిపి లేదు. ఓటికుండలో నీరు వచ్చింది వచ్చినట్టే కిందికి పోయింది. చిల్లులేని బాన మాత్రం నిండి, పొంగి, అలాగే నిలిచింది. పదకొండో రోజు చిన్న గాలికే నీలప్ప చెట్టు నిలువునా పడిపోయింది. ఎత్తి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. ఆ తర్వాత చాలా రోజులు నీలప్ప పింఛం విప్పలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. చారమ్మ పొద కుందేలు చెవుల ఎత్తుకు మించలేదు గానీ, కుండ చుట్టూ గుబురుగా కమ్ముకుని, ఆకు కనపడకుండా పూసింది. బొంతమ్మ ఇప్పుడు వాగుదాకా నడవలేకపోయేది. చారమ్మే నాచు తడిపి తెచ్చి, కుండలో కొంత, బొంతమ్మ నోట్లో కొంత పిండేది. కాయ ఎర్రబడుతున్నకొద్దీ చారమ్మకు దిగులు పెరిగింది. పొద్దున లేవగానే పొద దగ్గరకు కాదు, అవ్వ ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికే పరుగెత్తేది.

తొలకరి పడ్డ రోజుకు పొద నిండా పండ్లు నల్లబడ్డాయి. చారమ్మ మొదటి పండును పంటికి తగలకుండా పెదవులతో తెచ్చి బొంతమ్మ నాలుక మీద పెట్టింది. జంతువులన్నీ చుట్టూ చేరాయి. గోరువంకలు కూడా నోరు మూసుకున్నాయి.

బొంతమ్మ కళ్లు మూసుకుంది. చాలాసేపటికి నోరు విప్పింది.

"కొండ మీది పండు ఇంకాస్త తీపి," అంది.

చారమ్మ ముఖం చిన్నబోయింది.

"అయినా ఆ పండు కోసం నేను కొండెక్కేదాన్ని. ఈ పండు నాకోసం కొండ దిగి వచ్చింది. తీయనే! తినండి!"

అందరూ పొద మీద పడ్డారు. పిల్లల నాలుకలు ఊదారంగుకు తిరిగాయి. నీలప్ప దూరంగా తల దించుకుని నిలబడ్డాడు. చారమ్మ ఒక పండు తీసుకెళ్లి వాడి ముందు పెట్టి, "గింజ పారెయ్యకు. బానకు నేను చిల్లు పెట్టిస్తాను," అంది.

ఆ వానలు వెళ్లేలోపే బొంతమ్మ కన్నుమూసింది.

ఇప్పుడు వాగు ఒడ్డున ఓటికుండలన్నింటిలోనూ కలివి పొదలే. ఏటా తొలకరికి అందరిలోకీ పెద్దది తొలిపండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటుంది. ఆ కొండను పచ్చగా చూసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అయినా పండు మింగాక బొంతమ్మ అన్న ఆ మాటే అనాలి, అదే ఆచారం.

"కొండ మీది పండు ఇంకాస్త తీపి. అయినా, తీయనే! తినండి!"

నీతి: గొప్పకోసం తొందరపడితే మొదటికే మోసం వస్తుంది; ఓపికగా, నలుగురి కోసం పెంచినది ఓటికుండలోనైనా పదికాలాలు పండుతుంది.