రాళ్ళ దాణా

కొండ కింద పశువుల పరిశోధన కేంద్రంలో నల్లమ్మ అనే పంది ఉండేది. రోజూ పొద్దున్నే డాక్టరమ్మ దాని తొట్టిలో తియ్యటి దాణా పోసేది. తర్వాత బోను కింది పళ్ళెంలో పడిన మూత్రాన్ని సీసాలోకి పట్టి, వెలుగులో తిప్పి తిప్పి చూసేది. అంత మర్యాద మరే పంది మూత్రానికీ జరిగి ఉండదు.

ఒకరోజు బోను సందులోంచి నక్క మూతి పెట్టింది.

"అక్కా, ఆ దాణా ఎందుకు పెడుతున్నారో తెలుసా? నీ కిడ్నీలో రాళ్ళు పుట్టించడానికి! నీ కిడ్నీ అచ్చం మనిషి కిడ్నీలాగే ఉంటుందట. డాక్టరమ్మ చెబుతుంటే ఈ చెవులతో విన్నాను."

నల్లమ్మ తొట్టి దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. "మరి నన్నేం చెయ్యమంటావు తమ్ముడూ?"

"తొట్టి ఇటు నెట్టు, నేను తినేస్తా. మాది అడవి ఒళ్ళు. రాళ్ళూ రప్పలూ మమ్మల్నేం చేస్తాయి?"

నక్క కన్ను తీపి మీదే ఉంది. అయినా దాణా సంగతి అబద్ధం కాదు కదా! నల్లమ్మ తొట్టి నెట్టింది. బోను పక్కనే కట్టేసే, నీళ్ళబండి లాగే లింగన్న అనే ఎద్దు తన కుడితిలో వాటా ఇస్తే, రెండు వారాలు దానితోనే గడిపింది.

పదిహేనో రోజు డాక్టరమ్మ సీసా చూసి పెదవి విరిచింది. "దీనికి రాళ్ళే పడలేదు. మోతాదు పెంచి, ఇంకో నాలుగు పందిపిల్లలకి కూడా పెట్టి చూద్దాం."

మధ్యాహ్నానికల్లా పక్క బోనులోకి నాలుగు పందిపిల్లలు వచ్చాయి. తల్లిపాలు మాని వారం కూడా కాలేదు.

"ఇంకేం అక్కా, ఐదు తొట్లు!" నక్క లొట్టలు వేసింది.

"ఐదూ తినగలవా?"

"తిన్నంత తింటా. మిగిలింది వాటి ఖర్మ."

నల్లమ్మ లింగన్న దగ్గర ఏడ్చింది. "ఎవరి పిల్లలో అన్నా! నేను తప్పించుకుంటే వాటి మీద పడింది."

లింగన్న నెమరు ఆపాడు. "మన కాపలా గవరయ్య కిడ్నీలో రాళ్ళొచ్చి, నడుం పట్టుకుని నేల మీద దొర్లడం చూశానమ్మా. ఆ రాళ్ళు కరిగించే మందు కోసమే ఇదంతా. నీకు రాళ్ళు పడితే ఆ మందు ముందు నీకే పోస్తారు. కరుగుతాయో లేదో డాక్టరమ్మకీ తెలీదు."

"నన్నడిగి మొదలుపెట్టారా అన్నా?"

"నన్నడిగి బండి కట్టారా?"

మర్నాడు నల్లమ్మ నక్కతో, "కొత్త తొట్టి పెద్దది, సందులో పట్టదు. లోపలికే వచ్చెయ్ తమ్ముడూ," అంది. తీపి తిని ఒళ్ళు చేసిన నక్క ఎలాగో దూరింది. మూతి తొట్టిలో పెట్టగానే నల్లమ్మ వెళ్ళి సందుకి అడ్డంగా పడుకుంది.

డాక్టరమ్మ వచ్చి నోరు వెళ్ళబెట్టింది. "అయితే ఇన్నాళ్ళూ తింటున్నది నువ్వా!"

నక్కని బోనులో పెట్టి, కింద సీసా పట్టారు. సీసాలో ఇసక మెరిసింది. నక్క అప్పటికే నడుం పట్టేసి మూలుగుతోంది. దాణా పనిచేస్తోందని తేలడంతో పాత ఫలితం కొట్టేసి, మళ్ళీ నల్లమ్మ ఒక్కదానికే పెట్టి చూడాలనుకున్నారు. నాలుగు పిల్లలూ తల్లి దగ్గరికి వెళ్ళిపోయాయి.

"నన్ను ఇరికించి నీకేం ఒరిగింది అక్కా?" అంది నక్క.

"నాకేం ఒరగలేదు," అంది నల్లమ్మ.

కొత్తగా పోసిన దాణా వాసన చూసింది. ఖాళీ అయిన పక్క బోను వైపు ఒకసారి చూసి, తినడం మొదలుపెట్టింది.

మనకి తప్పిన కష్టం ఎవరి గడప తొక్కిందో చూసుకోని తెలివి నక్క తెలివే.