వరుగుల తూకం

కోట ఉగ్రాణంలో నిలవ చేసిన బంగాళాదుంపలు మొలకెత్తి కుళ్లడం మొదలుపెట్టాయి. ఉగ్రాణం చూసుకునే గవరమ్మ ఆదరాబాదరాగా వాటిని తరిగి, ఎండబెట్టి వరుగులు చేసింది. తనిఖీకొచ్చిన అధికారి రుద్రపయ్య తూకం వేయించి మండిపడ్డాడు.

"వంద మణుగుల దుంపలు ఇరవై మణుగులయ్యాయా? మిగతావి ఎవరికి అమ్ముకున్నావే? సాయంత్రంలోగా తెచ్చిపెట్టు. లేకపోతే కొరడా దెబ్బలే!"

"ఎండితే తగ్గిపోతాయి దొరా" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. స్నానం చేసొచ్చి, తన తడిపంచె ఆమె మీదికి విసిరి ఆరెయ్యమన్నాడు.

గవరమ్మ పంచెను భటుల ఎదుటే తూచింది. రెండు వీశెలు. వరుగుల పక్కనే ఆరేసిందో లేదో, మబ్బు కమ్మింది. పంచె ఆరకపోతే తన వీపు చిట్లుతుంది. ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. ఎట్టకేలకు ఎండ కాసింది.

సాయంత్రం అందరి ఎదుటా పంచెను మళ్లీ తూచి చెప్పింది.

"దొరా, రెండు వీశెల పంచె ఒక వీశె అయింది. మిగతాది కూడా నేనే అమ్ముకున్నాను. దానికీ కలిపి కొట్టించండి."

రుద్రపయ్య విరగబడి నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! తడి ఎండకి పోతే అది దొంగతనమెలా అవుతుందే?"

ఎవరూ చెప్పకుండానే భటుడు కొరడా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.