చిగురు కొమ్మలు ఎవరి గుమ్మానికి?

వాగు ఒడ్డున ఎర్రమట్టి గుట్ట మీద ముళ్లమ్మ అనే ఏదుపంది ఉండేది. పక్కవాళ్ల ఇంట్లో ఏముందో చూడకపోతే దానికి తిన్నది అరగదు. అలాగని తన ఇల్లు దాచుకునే రకమూ కాదు. ఏటా వానలకు అడవిలో బొరియలన్నీ మునిగిపోతుంటే, ఆ ఏడు అది గుమ్మం పల్లంలో పెట్టి, నీళ్లు ఎక్కకుండా పడక గది పైకి ఎత్తి కొత్త రకం బొరియ తవ్వింది.

ఎవరైనా లోపలికొచ్చి చూసుకోవచ్చు, అలాగే తవ్వుకోవచ్చు. ఒక్కటే షరతు. లోపం కనబడినా, ఇంకా మంచి ఉపాయం తట్టినా వచ్చి చెప్పాలి. కుందేలు అలాగే వచ్చి, గుమ్మంలో పాము కూర్చుంటే పారిపోవడానికి వెనక ఓ కన్నం ఉండాలంది. ముళ్లమ్మ ఆ పూటే తవ్వేసింది.

నక్క కూడా వచ్చింది. మూలమూలా పాకి చూసి, అవతలి ఒడ్డున తనూ ఒకటి తవ్వుకుని, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టింది. ముళ్లమ్మకి కాలు నిలవలేదు.

"ఏం మార్చావు బావా? ఒక్కసారి తొంగి చూస్తాను."

"నా తెలివి సంతలో సరుకా, వచ్చినవాళ్లందరికీ చూపించడానికి?" అంది నక్క.

అక్కడితో ఊరుకోలేదు. అసలు ఈ తవ్వకం తనదేననీ, ముళ్లమ్మే కాపీ కొట్టిందనీ అడవంతా ఊదరగొట్టింది. ఆ అడవిలో ఓ ఆచారం ఉంది. వానలు తెరిపివ్వగానే, ఆ ఏడు తమకు మేలు చేసినవారి గుమ్మం ముందు ప్రతి జంతువూ ఓ చిగురు కొమ్మ పెడుతుంది. ఈసారి కొమ్మలు ఎవరికి ఎక్కువొస్తే ఈ తవ్వకం వారిదేనని తీర్పు చెబుతానన్నాడు అడవికి పెద్దయిన ఎలుగు తాత. ఇక ఆ పద్ధతిలో తవ్వుకునేవాళ్లంతా తనకి తిండిలో వాటా ఇవ్వాల్సిందేనని నక్క ముందే లెక్కలు వేసుకుంది.

ముళ్లమ్మకి ఏడుపొచ్చింది. కుందేలుకి ఒళ్లు మండి, గుమ్మం మూసెయ్యమంది. ముళ్లమ్మ ఓ రాయి దొర్లించుకుంటూ తెచ్చింది కూడా. తీరా మూసేస్తే కొత్త ఉపాయాలు తనకెవరు చెబుతారని తోచి, ఆ రాయి మీదే కూర్చుండిపోయింది.

తొలి జల్లు పడగానే కుందేలు తడిసిన చెవులతో పరుగెత్తుకొచ్చింది.

"వదినా, తప్పు నాదే. వెనక కన్నం గుట్ట పైవైపుకి పెట్టించాను. జారే నీళ్లన్నీ అందులోంచే దిగుతున్నాయి. పల్లం వైపుకి తిప్పాలి."

ముళ్లమ్మ తనది తిప్పుకుని, గడపగడపకీ తిరిగి చెప్పింది. నక్కకి చెప్పాలా వద్దా అని వాగు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. మనసొప్పక మళ్లీ వెళ్లి, కంప ఇవతల నిలబడి చెప్పింది. సరిగ్గా అప్పుడే ఎలుగు తాత అక్కడ కూర్చుని ఉన్నాడు.

"నా ఇంటికి నువ్వు వంకలు పెడతావా? ఆ కన్నం అక్కడే ఉండాలి. ఎందుకో తవ్వినవాళ్లకి తెలుసు," అంది నక్క. ఒప్పుకుంటే తవ్వకం ఎవరిదో బయటపడుతుంది మరి.

ఆ వారమే కుండపోత వాన కురిసింది. నక్క ఇంట్లోంచి ముందు నీళ్లొచ్చాయి, వాటి వెంబడి నక్క కొట్టుకొచ్చి తన కంపలోనే చిక్కుకుంది. అందరూ పోగయ్యారు.

"ఇల్లు నీదే కదోయ్. ఎక్కడ తప్పిందో చెప్పి బాగుచేసుకో," అన్నాడు ఎలుగు తాత.

నక్క తోక పిండుకుంటూ కన్నం వైపు చూసింది, ముళ్లమ్మ వైపు చూసింది. 

ముళ్లమ్మ ఇదే సందని లోపలికి దూరింది. ఇన్నాళ్లూ తనని ఊరించిన రహస్యం కోసం మూలమూలా వెతికింది. ఏమీ లేదు. తన పాత బొరియే, తిప్పుకోని కన్నంతో సహా.

"ఇందుకా బావా కంప పెట్టావు?" అని బయటికొచ్చి అడిగింది.

వానలు తెరిపిచ్చాయి. ముళ్లమ్మ గుమ్మం ముందు చిగురు కొమ్మలు ఎంతగా పేరుకున్నాయంటే దారే మూసుకుపోయింది. సంతోషం పట్టలేక అది వెనక కన్నంలోంచి బయటికొచ్చి, తన వంతు కొమ్మ తీసుకెళ్లి కుందేలు గుమ్మం ముందు పెట్టింది.

నీతి: నలుగురికీ తెరిచిన పనిని నలుగురూ బాగుచేస్తారు, దాచుకున్నవాడి తప్పు వాడి దగ్గరే ఉండిపోతుంది.