గుమ్మం దాకా పన్నెండు బండలు

...అదే శాంభవీ, ఏదో మొదలెట్టి ఎటో వెళ్ళిపోతున్నా, ఏమీ అనుకోకమ్మా. నువ్వడిగి నాలుగు రోజులైంది. ఫోన్ తీస్తాను, ఎక్కణ్ణుంచి చెప్పాలో తెలీక మళ్ళీ పెట్టేస్తాను. ఇరవై రెండేళ్ళయింది ఇది జరిగి. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇవాళ చెప్పేస్తా.

నువ్వడిగిందేంటి? "అక్కా, బిస్కెట్ల ప్యాకింగ్‌లో పెట్టాం కదా ఆ అమ్మాయిని, పక్కన నలభై రోజుల్నించి నిలబడుతున్నా. నేను ఇటు జరిగితే చాలు, పని ఆపేస్తోంది. ఎప్పుడు వదలాలి?" అని. సరిగ్గా ఇదే నా గొడవా, అప్పట్లో.

మన పనిలో, జబ్బు నయమై వచ్చినవాళ్ళకి ఉద్యోగం ఇప్పించడం పెద్ద పని కాదు. బతిమాలితే ఎవరో ఒకరు ఇస్తారు. మనిషి అందులో నిలబడాలి, అదీ అసలు పని. అందుకే మనం పక్కన నిలబడి నేర్పిస్తాం. నిలబడ్డం నాకు బాగానే వచ్చు. వదలడమే రాదు.

నూకరాజని, ముప్ఫై నాలుగేళ్ళవాడు. మనసు బాగోక ఎనిమిదేళ్ళు ఆసుపత్రిలో ఉండొచ్చాడు. నయమైంది, మందులు వేళకి వేసుకునేవాడు, మనిషి చాలా నెమ్మది. అక్కగారింట్లో ఉండేవాడు. హోటల్లో ఒకసారి, ఐసు ఫ్యాక్టరీలో ఒకసారి పెట్టాం. రెండూ పోయాయి. వాళ్ళ బావ సత్తిబాబు నా మొహం మీదే చెప్పేశాడు.

"ఈ మూడోది కూడా పోయిందనుకోండి మేడంగారూ, తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఆసుపత్రిలోనే వదిలేసొస్తా. మీరింక మా గుమ్మం ఎక్కక్కర్లేదు."

మూడోది కాకినాడలో ఒక ఆసుపత్రి లాండ్రీ. పేరొద్దులే. దుప్పట్లు మడతెట్టే పని. పొడుగాటి గది, కింద నాపరాతి బండలు, రెండు పక్కలా తాళ్ళ మీద తెల్ల దుప్పట్లు. ఒక మూల నుంచి ఆవిరి వస్తూ ఉంటుంది. గోడ ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా దుప్పట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బుతాయి. వాటి వెనకాల ఎవరో నడిచెళ్తున్నట్టు ఉంటుంది. మొదటి వారం నేనే రెండుసార్లు "ఎవరండీ?" అన్నా.

నూకరాజు దుప్పటి తీసి ఫట్‌మని దులిపేవాడు. నాలుగు మడతలు. దొంతి మీద పెట్టి నావైపు తిరిగేవాడు.

"చాలా మేడం?"

"చాలు నూకరాజూ."

అప్పుడే ఇంకోటి తీసేవాడు. రోజుకి మూడొందల దుప్పట్లు, మూడొందల చాలులు. నేను మంచినీళ్ళకి వెళ్తే ఆ ఫట్‌మనే చప్పుడు ఆగిపోయేది. వచ్చి చూస్తే చేతుల్లో దుప్పటి అలాగే గాల్లో ఎత్తి పట్టుకుని ఉండేవాడు.

రెండు నెలలు గడిచాయి. సూపర్‌వైజర్ గున్నేశ్వరరావు ఊరుకుంటాడా?

"ఒక దుప్పటికి ఇద్దరు మనుషులేంటి మేడం, పెళ్ళి చీర మడతేస్తున్నారా? ఒకటో తారీకు నుంచి బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఆయన పని ఆయన చేసుకుంటే ఉంటాడు. లేదంటే ఇద్దరూ కలిసి వెళ్ళిపోండి."

ఇంకా పద్నాలుగు రోజులుంది ఒకటో తారీకుకి. నేను మస్తాన్ సార్ దగ్గరికి పరిగెత్తా. నాకీ పని నేర్పింది ఆయనే. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యారు, ఆ తర్వాత మన సంస్థలోకొచ్చారు. తెల్ల పైజమా, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. మాట్లాడరు. నేను గంటసేపు చెప్తే ఆయన ఒక్క మాటంటారు.

అంతా చెప్పా. చివర్లో, "నేను లేకపోతే వాడు లేడు సార్" అన్నా. అన్నప్పుడు ఏడ్చాను కూడా. కానీ శాంభవీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఎంత ఇష్టంగా అన్నానో!

ఆయన "రేపొస్తా" అన్నారు.

వచ్చారు. గోడకానుకుని ఓ అరగంట చూశారు. చాలా మేడం, చాలు నూకరాజూ, చాలా మేడం, చాలు నూకరాజూ. అన్నీ విన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "చెప్పులు విప్పు" అన్నారు.

విప్పా. గోధుమరంగు తోలు చెప్పులు. కుడి చెప్పుకి బొటనవేలి పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టించా, అందుకే బాగా గుర్తు. ఆయన కిందకి వంగి సుద్దతో వాటి చుట్టూ గీత గీశారు. లేచి గుమ్మం దాకా బండలు లెక్కపెట్టారు. పన్నెండు.

"పద" అన్నారు.

"ఎక్కడికి సార్?"

"బయటికి. పన్నెండు రోజులు రాకు."

"ఆపేస్తాడు సార్!"

"ఆపనీ."

"మరి చెప్పులో?"

"అక్కడే ఉంటాయి. వేరేవి కొనకు. కొంటే ఇవి నీవి కాకుండా పోతాయి."

మే నెలమ్మా! కాకినాడ ఎండ! వట్టి కాళ్ళతో నడిచా. ఆటో అబ్బాయి నవ్వాడు, "మే నెల్లో ఏం మాల వేశారండీ?" అని. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. సార్ మాట తీసెయ్యలేకపోయా.

లోపలికి రాకు అన్నారు గానీ చూడొద్దనలేదు కదా. జనరేటర్ వైపు సందులో ఒక చిన్న కిటికీ ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళి, ఇనప ఊచల్లోంచి చూసేదాన్ని.

మొదటిరోజు నలభై నిమిషాలు దుప్పటి గాల్లో పట్టుకునే నిలబడ్డాడు. గున్నేశ్వరరావు వచ్చాడు. అయిపోయింది, ఇప్పుడే తోలేస్తాడు అనుకున్నా. ఆయన నూకరాజుని చూశాడు, పక్కకి చూశాడు, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నూకరాజు కింద చెప్పులవైపు తిరిగి, "చాలా మేడం?" అన్నాడు. చెవొగ్గి విన్నాడు. చాలాసేపు. అప్పుడు తలూపాడమ్మా, ఎవరో ఏదో చెప్తే ఊపినట్టు. దుప్పటి దొంతి మీద పెట్టి ఇంకోటి తీశాడు.

రెండోరోజు వెళ్ళేసరికి చెప్పులు సుద్దగీతలో లేవు. గుమ్మంవైపు ఒక బండ జరిగున్నాయి. ఓహో, పొద్దున్నే మస్తాన్ సార్ వచ్చి జరుపుతున్నారన్నమాట అనుకున్నా. మూడోరోజు ఇంకో బండ. నాలుగోరోజు ఇంకోటి. రోజుకొక్కటే, ఎక్కువా లేదు, తక్కువా లేదు. రెండూ పక్కపక్కనే, వేళ్ళు గుమ్మంవైపు పెట్టి.

అయిదోరోజు మాత్రం భయమేసింది. ఫ్యాను ఇటు తిరిగింది, దుప్పట్లు ఉబ్బాయి. అన్నీ తగ్గాయి గానీ చెప్పులున్న చోట ఒక్కటి తగ్గలేదు. అలాగే, మనిషి ఒడ్డూ పొడుగూ అంత, ఉబ్బి ఉండిపోయింది. నూకరాజు దానివైపు చూసి, "ఆయ్, మేడం" అన్నాడు. నేను కిటికీ వదిలేసి రోడ్డు మీదకొచ్చేశా. కాళ్ళు కాలుతున్నా తెలీలేదు.

మళ్ళీ వెళ్ళకుండా ఉండగలిగానా? లేదు. ఏడోరోజు అయిదు దుప్పట్లకి ఒకసారి అడుగుతున్నాడు. తొమ్మిదోరోజు పదికి ఒకసారి. పదకొండోరోజు ఒక్కసారీ చెప్పులవైపు తిరగలేదు. దొంతి మీద చెయ్యేసి తనలో తనే "చాలు" అనుకున్నాడు, పెదాలు కదిలాయి, నేను చూశా. సంతోషించాలి కదా? నాకు మాత్రం గుండెల్లో ఏదో కలుక్కుమంది.

పన్నెండో రోజు గడిచింది. మర్నాడు పొద్దున మస్తాన్ సార్, నేనూ కలిసి వెళ్ళాం. గుమ్మం బయట నా చెప్పులు. సర్దిపెట్టినట్టు, గోడవారగా. గుమ్మం బయట చెప్పులు చూస్తే లోపల మనిషి ఉన్నట్టే కదా మనకి. నాకూ అలాగే అనిపించింది. లోపల ఎవరో ఉన్నారనిపించింది.

గున్నేశ్వరరావు ఎదురొచ్చి కసురుకున్నాడు. "రేపే ఒకటో తారీకు మేడం, ఇవాళ్టితో సరి. మళ్ళీ మొహమాట పెట్టకండి."

"నేను రావట్లేదు కదండీ. పన్నెండు రోజులైంది."

"పొద్దున్నే హాస్యాలేంటండీ? రోజూ కనపడుతూనే ఉన్నారుగా, దుప్పట్ల వెనకాల. మీరు ఉన్నారనే కదా మొదటిరోజు నేనేం అనలేదు?"

నేను మస్తాన్ సార్ మొహంలోకి చూశా. ఆయన నావైపు చూడలేదు.

లోపలికెళ్ళా. ఫట్. నాలుగు మడతలు. ఫట్. నూకరాజు ఎదురుగా వెళ్ళి నిలబడ్డా. వాడు తలెత్తి చూశాడు. ఎంత మర్యాదగా చూశాడంటే, కొత్తవాళ్ళని చూసినట్టు.

"ఎవరి కోసమండీ?"

"నేనే నూకరాజూ. హైమని."

వాడు నా మొహం చూశాడు, బొబ్బలెక్కిన కాళ్ళు చూశాడు. చేతిలో పని ఆపకుండానే గడ్డంతో గుమ్మంవైపు చూపించాడు.

"మేడంగారు ఇప్పుడే వెళ్ళారండి. చెప్పులేసుకుంటున్నారేమో, చూడండి."

ఎలా బయటికొచ్చానో తెలీదు. మస్తాన్ సార్ గుమ్మం దగ్గరే ఉన్నారు.

"చెప్పులు రోజూ మీరే జరిపారు కదా సార్?"

"నేను రాలేదమ్మా. నువ్వనుకున్నా."

ఇద్దరం ఆ చెప్పులవైపే చూస్తూ నిలబడ్డాం. అప్పుడాయన, రోజూ మాట్లాడినట్టే, ఒక్క మాటన్నారు.

"వేసుకో."

కాలు పెట్టానమ్మా. నీడలో, రాతి మీద ఉన్న చెప్పులు. లోపల వెచ్చగా ఉన్నాయి. అప్పుడే ఎవరో విప్పినట్టు.

నడిచా. వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి, ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అని. మందుల కొట్టు దాటా. ఫట్. మెట్లు దిగా. ఫట్. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టాడు, నాకు వినపడలేదు, అదే వినపడుతోంది, ఫట్, ఫట్, ఒక్క దుప్పటి కూడా తప్పకుండా... ఆఁ? ఎవరూ? ఆఁ, వస్తున్నానండీ, వస్తున్నా! శాంభవీ, ఎవరో పిలుస్తున్నారు, ఉండు—